ఫ్యామిలీసెర్చ్‌లో మా వంశవృక్షం: తెలుగు ఇళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది?

మా ఇంటి వంశవృక్షం కట్టడానికి నేను వాడుతున్నది ఫ్యామిలీసెర్చ్. వెబ్‌సైటూ ఉంది, ఫోన్లో యాప్ కూడా ఉంది. రెండూ ఉచితం, ఈమెయిల్‌తో ఖాతా తెరిస్తే చాలు. పెళ్ళిళ్ళలో కలిసిన చుట్టాలు దీని గురించి పదేపదే అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. తాతముత్తాతల రికార్డులు అందులో సిద్ధంగా ఉంటాయనుకుని వెళ్తే మనకి దొరికేది దాదాపు ఏమీ ఉండదు. మన దగ్గర ఉన్నదాన్ని పద్ధతిగా పెట్టుకోవడానికీ, ఏ పేరు తెలియదో కళ్ళెదుట కనపడటానికీ మాత్రం నేను చూసినవాటిలో ఇదే మంచిది. ముఖ్యంగా ఆడవాళ్ళ పేర్ల విషయంలో. మా ఇంట్లో నాలుగు తరాల వెనకటి ఒకావిడ పేరు బయటపడటానికి కారణం ఈ యాప్‌లో ఖాళీగా ఉన్న ఒక గడి.

మాది ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. వ్యవసాయ కుటుంబం. పుస్తకాల్లోకెక్కిన మనిషి మా వంశంలో ఒక్కరూ లేరు. మా చిన్నప్పుడు కోతలయ్యాక పిచ్చిగుంట్లవారు వచ్చి గోత్రం, వంశం చెప్పి ధాన్యం పట్టుకెళ్ళేవారట. వాళ్ళు ఏం చెప్పారో మా ఇంట్లో ఎవరూ రాసి పెట్టుకోలేదు. నేను మొదలుపెట్టేసరికి చేతిలో ఉన్న కాగితం ఒక్కటే, 2003 గోదావరి పుష్కరాలకి రాజమండ్రి వెళ్తూ నాన్న రాసుకున్న చీటీ. పిండప్రదానం చేయించేటప్పుడు పంతులుగారు మూడు తరాల పేర్లు అడుగుతారు కదా, అందుకు రాసుకున్నది. తండ్రి, తాత, ముత్తాత ఒక వరస. తల్లి, నాయనమ్మ, తాతగారి తల్లి ఇంకో వరస. మీ ఇంట్లో కూడా ఇలాంటి చీటీ ఏ పంచాంగంలోనో, ఏ ట్రంకు పెట్టెలోనో ఉండొచ్చు. వంశవృక్షానికి అంతకన్నా మంచి మొదలు లేదు. మగవాళ్ళ వరసా ఆడవాళ్ళ వరసా రెండూ అడిగే సందర్భం మన ఇళ్ళల్లో అరుదు.

నాన్న చీటీలో తాతగారి తల్లి అన్నచోట గీత ఒక్కటే ఉంది, పేరు లేదు.

ఆ పేర్లన్నీ యాప్‌లో ఎక్కించాను, తెలుగు లిపిలోనే. పేరుకీ ఇంటిపేరుకీ వేరువేరు గడులు ఉంటాయి. ఆడవాళ్ళకి పెళ్ళి తర్వాతి ఇంటిపేరు కాకుండా పుట్టింటి ఇంటిపేరే రాయడం అక్కడి పద్ధతి. ఇది నాకు చాలా నచ్చింది. ఈ ఒక్క నియమం వల్ల ప్రతి కోడలి పుట్టిల్లు ఏదో అడగాల్సి వచ్చింది, అడిగిన ప్రతిచోటా ఇంకో ఊరు, ఇంకో చుట్టరికం తెలిసింది. ఫ్యాన్ చార్టు అని ఒకటుంది, మనం మధ్యలో ఉండి ఏడు తరాలు విసనకర్రలా విచ్చుకుంటాయి. మా చార్టులో మగవాళ్ళ వైపు పేర్లతో నిండింది. ముత్తాత వీరన్న తల్లి గడి దగ్గర మాత్రం ఖాళీ. చార్టు తెరిచిన ప్రతిసారీ కన్ను అక్కడికే పోయేది.

మా మేనత్తని అడిగాను. ఈశ్వర నామ సంవత్సరంలో, అంటే 1937-38లో పుట్టిన మనిషి, జ్ఞాపకశక్తి ఇంకా బాగుంది.

"ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచిందెవరే? ఊళ్ళో వాళ్ళకి మునసబుగారింటి పక్క ముసలమ్మగారు, ఇంట్లో వాళ్ళకి మామ్మ. నేను పుట్టేసరికే పోయింది."

"పోనీ ఆవిడ ఏ ఊరినుంచి వచ్చిందో తెలుసా అత్తయ్యా?"

"అది తెలియదు. కాలవ అవతల ఎకరం చెక్క ఉంది చూడు, అది ఆవిడ తెచ్చుకున్నదే అని మా నాన్న అనేవాడు."

ఆ ఎకరాన్ని మా కౌలు రైతు ఇప్పటికీ సూరమ్మ చెక్క అంటాడు. మేమందరం అలాగే అంటాం. చిన్నప్పటినుంచీ సూరమ్మ చెక్కకి నీళ్ళు పెట్టారా, సూరమ్మ చెక్కలో ఊడ్పులయ్యాయా అని వింటూ పెరిగాను. ఆ సూరమ్మ ఎవరని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అత్తయ్య ఆ మాట అనగానే ఒళ్ళు జలదరించింది.

కానీ పొలం పేరు ఆధారం కాదు. కాగితం కావాలి. ఇక్కడ యాప్ ఏమీ చేయలేదు, మన ఆఫీసులే దిక్కు. ఈ దారి చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఈసీ, అంటే భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆన్‌లైన్లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత సూచీలు వెతికించాలి. అవి రెండు రకాలు. ఒకటి పేర్లని బట్టి, అంటే రాసిచ్చినవాళ్ళు, రాయించుకున్నవాళ్ళు. రెండోది ఆస్తిని బట్టి, ఊరూ సర్వే నంబరూ. పేరు సరిగ్గా తెలియకపోయినా పొలం తెలిస్తే చాలు, రెండో సూచీ పట్టుకుని వెనక్కి పోవచ్చు. దానికి ముందు పాత సర్వే నంబరు కావాలి. రీసర్వేల్లో నంబర్లు మారి ఉంటాయి, అందుకని రెవెన్యూ ఆఫీసులో ఆర్.ఎస్.ఆర్. అనే పాత భూముల రిజిస్టరు చూడాలి, మన వైపు డైగ్లాట్ అంటారు. అందులో పాత నంబరూ, కొత్త నంబరూ, అప్పటి పట్టాదారు పేరూ ఉంటాయి. తెలంగాణ వాళ్ళకైతే 1954-55 ఖాస్రా పహాణీ, దానికి ముందు సేత్వార్ అనే భూమి రికార్డులు. అవి ఉర్దూలో ఉంటే చదివే పెద్దాయన ఎవరినైనా పట్టుకోవాలి.

వెతుకుడు రుసుము కట్టి, ఓపిగ్గా కూర్చున్నాక దొరికింది. 1911 నాటి దస్తావేజు. విరోధికృత్ నామ సంవత్సరం అని మొదలవుతుంది. సూరమ్మ తన కొడుకు వీరన్నకి రాసిచ్చిన దఖలు దస్తావేజు అది. నా తండ్రి నాకు పసుపు కుంకుమ నిమిత్తం యిచ్చి నా స్వాధీనంలో వుండి నేను అనుభవిస్తూ వున్న భూమి అని ఆవిడ చెబుతున్నట్టుగా రాసి ఉంది. కింద ఆవిడ తండ్రి పేరు, పుట్టిన ఊరు, భర్త పేరు, నాలుగు వైపుల హద్దులు. చివర సూరమ్మ నిశాని. సంతకం రాదు కాబట్టి గుర్తు పెట్టింది.

నకలు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. చదువు లేని మనిషి, సొంతంగా ఎకరం భూమి ఉన్న మనిషి, దాన్ని ఎవరికివ్వాలో తనే నిర్ణయించి రిజిస్ట్రారు ముందుకొచ్చి నిలబడిన మనిషి. నాన్న చీటీలో ఆవిడ స్థానంలో గీత ఉంది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పేర్లు దొరకవని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. దయచేసి అలా అనుకోకండి. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూములు, భర్త పోయాక మనోవర్తి కోసం జరిగిన రాజీలు, పిల్లల్లేని పెద్దమ్మలు రాసిన వీలునామాలు, దత్తత పత్రాలు, వీటన్నిటిలో ఆడవాళ్ళు తమ పేరుతోనే ఉన్నారు. ఆవిడ పేరు ఫలానా అని రాసి ఉన్న కాగితాన్ని ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి అంతే.

ఆ రోజు రాత్రి ఫ్యామిలీసెర్చ్‌లో వీరన్న తల్లి గడి నింపాను. దానితోపాటు ఆవిడ తండ్రి కూడా వచ్చి చేరాడు. దస్తావేజు ఫోటోని ఆధారంగా ఆ పేరుకి జతచేశాను. ఈ సైట్‌లో నాకు రెండో ఇష్టమైన విషయం ఇది. ప్రతి పేరు కింద ఈ సంగతి ఎక్కణ్ణుంచి తెలిసిందో రాసే చోటు ఉంటుంది. అత్తయ్య చెప్పింది, నాన్న చీటీలో ఉంది, 1911 దస్తావేజులో ఉంది అని వేరువేరుగా పెట్టుకోవచ్చు. మాట వేరు, కాగితం వేరు అన్న తేడా చెరిగిపోదు. అత్తయ్య గొంతు రికార్డు చేసి అది కూడా పెట్టాను.

ఉదాహరణకి మా ఇంట్లో ఒక కథ ఉంది. డొక్కల కరువుకి గుంటూరు వైపు నుంచి గోదావరి దాటి వచ్చామని. ఆ కరువు నందన నామ సంవత్సరంలో, 1832-33లో వచ్చింది, గుంటూరు ప్రాంతంలో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయ్యాయి. తాతయ్య కీలకలో, అంటే 1908-09లో పుట్టాడు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేస్తే సూరమ్మ మామగారు కరువునాటికి చిన్నపిల్లాడై ఉండాలి. లెక్క కుదురుతుంది. కానీ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకి నీళ్ళొచ్చి, పని కోసం, భూమి కోసం వచ్చిన కుటుంబాలూ ఎన్నో. మావాళ్ళు ఆ కోవలోవాళ్ళయినా తరాల లెక్క ఇంచుమించు ఇలాగే కుదురుతుంది. అందుకని దాన్ని తారీకుల గడిలో పెట్టకుండా, ఇంట్లో చెప్పుకునే కథగా విడిగా రాశాను.

తెలుగు సంవత్సరాల్ని ఇంగ్లీషు సంవత్సరాల్లోకి మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రభవ 1867లో, 1927లో, 1987లో వచ్చింది, అక్కణ్ణుంచి వరసగా లెక్కపెట్టుకోవచ్చు. కానీ మన సంవత్సరం ఉగాది నుంచి ఉగాదికి. కీలకలో మాఘమాసం అంటే 1909 అవుతుంది, 1908 కాదు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి ఏ చుట్టులోదో కూడా చూసుకోవాలి. తారీకు కచ్చితంగా తెలియకపోతే సుమారుగా అని పెట్టే వీలు ఉంది, అలాగే పెట్టండి.

మన కుటుంబాల ముడులన్నీ విదేశీ సైట్లకి అర్థం కావని నేను భయపడ్డాను. దత్తత సంగతి ఇది బాగా చూసుకుంది. మా చినతాతగారు పక్క ఊరికి దత్తత వెళ్ళి ఇంటిపేరు మారారు. ఒకే మనిషికి కన్న తల్లిదండ్రులనీ, పెంచిన తల్లిదండ్రులనీ రెండు జతలు పెట్టే ఏర్పాటు ఉంది. మేనరికాలు కూడా ఇబ్బంది కాలేదు. మా అమ్మ మా నాన్నకి అక్క కూతురు. అందువల్ల నాన్న తల్లిదండ్రులే అమ్మకి అమ్మమ్మ తాతయ్యలు, చార్టులో రెండు చోట్ల అదే జంట కనపడుతుంది. కొత్తగా చూసినవాళ్ళు పొరపాటనుకుంటారు, పొరపాటు కాదు.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒక చిక్కు ఉంది. మా ఇంట్లో వీరన్నలు ముగ్గురు. ఒకే పేరూ, ఒకే ఊరూ ఉంటే ఇద్దరూ ఒకరేనా, కలిపేయాలా అని సైటు సూచన ఇస్తుంది. తండ్రి పేరు చూడకుండా ఎప్పుడూ కలపకండి.

ఇంకో మనిషి ఉన్నాడు, రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళిన తాతయ్య తమ్ముడు. కాకినాడలో స్టీమరెక్కి బర్మా బియ్యం మిల్లుల్లో పనికి వెళ్ళినవాళ్ళు మా వైపు ఊరికి కొందరు ఉన్నారు. 1942లో జపాను సైన్యం రంగూన్ పట్టుకున్నప్పుడు లక్షలమంది కాలినడకన అడవుల్లోంచి మన దేశానికి తిరిగొచ్చారు. ఆయన రాలేదు. ఆయన భార్య చివరిదాకా పసుపు కుంకుమలతోనే ఉంది. ఇక్కడ ప్రతి మనిషికీ జీవించి ఉన్నారా, మరణించారా అన్నది ఎంచుకోవాలి. మరణించారని ఎంచుకుని, తేదీ ఖాళీగా వదిలి, ఆవిడ సంగతి ఆయన పేరు కిందే రాశాను.

ఇప్పుడు తప్పకుండా తెలుసుకుని చేరాల్సిన విషయాలు. ఇది నడిపేది అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ కేంద్రంగా ఉన్న మార్మన్ చర్చి. 1894లో వంశచరిత్ర సంఘంగా మొదలై, 1938 నుంచి దేశదేశాల రికార్డుల్ని మైక్రోఫిల్ము తీసింది. దాదాపు 24 లక్షల రీళ్ళని డిజిటల్ చేయడం 2021లో పూర్తయింది. పూర్వీకుల మీద వాళ్ళకి ఇంత శ్రద్ధ ఎందుకంటే, చనిపోయినవారి తరఫున బాప్తిస్మం జరిపించడం వాళ్ళ విశ్వాసంలో భాగం. సభ్యులు తమ సొంత పూర్వీకులకే అది చేయాలని చర్చి చెబుతుంది. మా బాబాయికి ఈ సంగతి చెప్తే, మా అత్తవారి వైపు వాళ్ళ పేర్లు మాత్రం అక్కడ పెట్టొద్దమ్మా అన్నారు, నేను పెట్టలేదు. నాకు అభ్యంతరం లేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఆ మాట గౌరవించండి.

రెండోది, చనిపోయినవాళ్ళ పేజీలు అందరివీ. ప్రపంచం మొత్తానికి ఒకే చెట్టు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏం మార్చారో చిట్టా ఉంటుంది, వెనక్కి మార్చుకోవచ్చు. మీ పూర్వీకుల్ని ఫాలో అయితే మార్పు జరిగినప్పుడు తెలుస్తుంది. బతికున్నవాళ్ళ వివరాలు మాత్రం మామూలుగా ఎక్కించినవాళ్ళకే కనపడతాయి. చనిపోయినవాళ్ళ పేజీలు అందరికీ కనపడతాయి కాబట్టి దస్తావేజు ఫోటోలు పెట్టేటప్పుడు ఇప్పటి సర్వే నంబర్లు, హద్దులు కనపడకుండా చూసుకోండి. ఇంకా పంపకాలు తేలని భూమి కాగితాలు అసలు పెట్టకండి.

దీనికి ముందు మా మేనల్లుడు డబ్బు కట్టి ఇంకో విదేశీ సైట్‌లో చేర్పించాడు. పేరు రాయను. మా ఇంటిపేరుకి సంబంధం లేని మనుషుల్ని మీ బంధువులు కావచ్చంటూ రోజూ మెయిళ్ళు పంపేది, గడువు దాటాక రద్దు చేసుకోవడం పెద్ద టెన్షన్ అయింది. ఆంధ్రా పల్లెటూరి రైతు కుటుంబానికి డబ్బు కట్టి అదనంగా దొరికేది నాకేమీ కనపడలేదు.

ఫ్యామిలీసెర్చ్‌లో కూడా మన దేశం రికార్డులంటే బ్రిటిష్ కాలపు బాప్తిస్మాలు, క్రైస్తవ వివాహాలు, హరిద్వార్ వంటి తీర్థాల్లో పండాలనే తీర్థ పురోహితులు యాత్రికుల వంశాలు రాసుకునే పుస్తకాల ఫోటోలు. ఇవి ఎక్కువగా ఉత్తరాది కుటుంబాలకి పనికొచ్చేవి. మీ వాళ్ళెవరైనా కూలీలుగా సముద్రం దాటి ఉంటే మాత్రం సంగతి పూర్తిగా వేరు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి 1,52,184 మంది వెళ్ళారు, వాళ్ళలో మద్రాసులో ఓడెక్కిన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసిన ఓడ జాబితాలు ఉన్నాయి. మారిషస్‌లో మోకాలో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస వచ్చినవారి రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఊళ్ళోనే ఉండిపోయిన మా వీరన్న కన్నా డర్బన్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీ గురించి ఎక్కువ కాగితం ఉంది.

పోయిన సంక్రాంతికి ఫ్యాన్ చార్టు పీడీఎఫ్ తీసి, ఫ్లెక్సీ షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు వేయించి ఊళ్ళో ఇంటి గోడకి అంటించాను. పక్కన పెన్ను కట్టాను. పండగ మూడు రోజులూ వచ్చిన చుట్టాలు వాళ్ళకి తెలిసినవి రాశారు. అక్షరాలు ఫోన్లో చిన్నవిగా ఉన్నాయని వదిలేసిన పెద్దవాళ్ళు గోడ దగ్గర గంటలు నిలబడ్డారు. ఒక పెద్దమ్మ తన పేరు తప్పు రాశారని దిద్ది, తన అమ్మ పేరు, అమ్మమ్మ పేరు కూడా రాసి వెళ్ళింది.

వాడకానికి అయిదుకి నాలుగు ఇస్తాను. తెలుగు ప్రాంతపు రికార్డుల విషయంలో ఒకటి. ఏం చేసినా అసలు కాగితాలు, ఫోటోలు ఇంట్లో ఒక ఫైల్లో కూడా ఉంచండి. బతికున్నవాళ్ళ వివరాలు నా ఖాతాలోనే ఉంటాయి కాబట్టి, ఆ లాగిన్ మా మేనకోడలికి ఇచ్చాను. సూరమ్మ పుట్టింటి ఊరు వాళ్ళ అత్తవారింటికి దగ్గరే, ఆవిడ తల్లి పేరు కోసం అక్కడి సూచీలు వెతికించే పని ఇప్పుడు తను చూస్తోంది.